అసెంబుల్ చేసిన పీసీ ఆన్ కాకపోతే ఏం చూడాలి, ఎలా చూడాలి?

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పార్ట్‌లు కొని, రైల్లో కాజీపేటలో దిగి, రాత్రంతా కూర్చుని బిగిస్తారు. తెల్లారి బటన్ నొక్కితే ఏమీ రాదు. చాలామంది అప్పుడే మదర్‌బోర్డు పోయిందని తేల్చేసి, దాన్ని పట్టుకుని మళ్లీ రైలెక్కుతారు. హన్మకొండలో మా ఇంటికి ఇలాంటి క్యాబినెట్లు చాలానే వచ్చాయి. నిజంగా బోర్డు పోయినవి ఒకటో రెండో. మిగతావన్నీ బిగించడంలో తప్పులే.

స్టార్ స్క్రూడ్రైవర్, టార్చ్, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే కూలర్‌కూ మధ్య పూసేది), మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె ఉంటే చాలు. పని మాత్రం పగటిపూటే చేయాలి.

అసలు ఫ్యాన్లు తిరగకపోతే ముందు పవర్ సప్లై వెనక ఉన్న స్విచ్, మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్ల కేబుల్ చూడండి. తర్వాత క్యాబినెట్ బటన్ నుంచి వచ్చే సన్న వైరు తీసి, మదర్‌బోర్డు మీద అది ఉన్న రెండు పిన్లను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. ఆన్ అయితే తప్పు బటన్‌దే, లేదా వైరు వేరే పిన్లకు పెట్టారు. పవర్ సప్లైని మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

ఫ్యాన్లు తిరుగుతూ బొమ్మ రాకపోతే ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్ల కేబుల్ చూడండి. అది లేకున్నా చాలా బోర్డుల్లో ఫ్యాన్లు తిరుగుతాయి, అందుకే మోసపోతారు. గ్రాఫిక్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే బోర్డు మీది పోర్టులో బొమ్మ రానే రాదు. ర్యామ్ ఒకటే ఉంటే నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి, టక్కుమని లాక్ పడేదాకా నొక్కాలి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉంటుంది. ఆ టైంలో ఆఫ్ చేయకండి.

ర్యామ్‌ను రబ్బరుతో రుద్దమని ప్రతి ఒక్కరూ చెబుతారు. కొత్త ర్యామ్‌కు మురికి ఎక్కడిది? రుద్దితే రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. పాత పీసీల్లో పనిచేసిందంటే తీసి మళ్లీ గట్టిగా పెట్టినందుకే.

అయినా రాకపోతే బోర్డు బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టండి, వెండి రంగు కవర్ మీద వద్దు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, పవర్ సప్లై మాత్రమే ఉంచండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా. పైన చెప్పినట్టే ఆ రెండు పిన్లు కలిపి ఆన్ చేయండి. మా చెల్లె కొడుకు పీసీ ఇలా బయట వెంటనే ఆన్ అయింది. క్యాబినెట్‌లో చూస్తే బోర్డు కింద ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తుగా నిలబెట్టే చిన్న మర) ఎక్కువుంది. అది బోర్డు వెనక టంకాలకు తగిలి షార్ట్ అవుతోంది. వాడు అప్పటికే బోర్డు వాపస్ ఇవ్వడానికి రైలు టికెట్ తీసుకున్నాడు.

బయట కూడా ఆన్ కాకపోతేనే ప్రాసెసర్ విప్పాలి. పార్ట్‌లు నిజంగా పాడయ్యేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. ముందు ప్లగ్ తీసి, ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకోండి. ఏఎండీ ఏఎం4 రకం (పిన్లు ప్రాసెసర్ కిందే ఉండేది) అయితే కూలర్‌ను నిటారుగా పైకి లాగొద్దు. చల్లబడిన పేస్ట్ జిగురులా పట్టేస్తుంది, లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ దాంతోపాటే ఊడి వస్తుంది, పిన్లు వంగుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కూలర్‌ను కాసేపు వేడిచేసి, ఎడమకు కుడికి మెల్లగా తిప్పుతూ ఉండండి. కదలిక వదులైనట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడే ఎత్తాలి.

ఇంటెల్ 12వ తరం నుంచి 14వ తరం దాకా ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోనే 1700 పిన్లు ఉంటాయి, వెంట్రుకల్లా. వేలు, గుడ్డ, బ్రష్ ఏదీ తగలనీయొద్దు. టార్చ్‌ను పై నుంచి కాకుండా పక్క నుంచి వాల్చి వేయండి. పిన్లు సరిగ్గా ఉంటే వరుసలన్నీ ఒకే తీరుగా మెరుస్తాయి. వంగిన పిన్ దగ్గర ఆ మెరుపు తెగుతుంది. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. వంగినది కనిపిస్తే సూదితో సరిచేయబోకండి, పక్కవి కూడా పోతాయి. చిప్ రిపేర్ చేసే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

తిరిగి పెట్టేటప్పుడు మూలనున్న త్రికోణం గుర్తు కలిసేలా చూసి, ప్రాసెసర్‌ను దాని బరువుతోనే కూర్చోనివ్వండి. అస్సలు నొక్కకూడదు. ఇంటెల్ బోర్డులో ప్రాసెసర్‌ను లాక్ చేసే లివర్ వేసేటప్పుడు మాత్రం బలం కావాలి, కిర్రుమంటుంది కూడా. ఆ చప్పుడుకు టెన్షన్ పడి సగంలో వదిలేయకండి. పాత పేస్ట్ తుడిచేసి కొత్తది బఠాణీ గింజంత పెట్టండి.

ఆన్ అయ్యాక ఒక్కో పార్ట్ కలుపుతూ రండి, ప్రతిసారీ ప్లగ్ తీశాకే. ఏది పెట్టగానే ఆగిపోయిందో ఆ ఒక్కదాన్నే బిల్లుతో సహా షాపుకు తీసుకెళ్లండి.