షిఫ్టు డ్యూటీలు చేస్తూ పుస్తకం రాయాలంటే

తెల్లవారుజామున 4 గంటలకు లేచి రాయమని అందరూ చెప్పారు. నెలలో 10 రోజులు ఆ టైముకి నేను ల్యాబ్‌లో రక్తం శాంపిళ్లు చూస్తూ ఉంటాను. మిగతా రోజుల్లో లేచి చూశాను. మధ్యాహ్నం డ్యూటీలో కళ్లు మూతలు పడ్డాయి. రెండు వారాలకే మానేశాను.

మీదీ ఇలాంటి ఉద్యోగమే అయితే గడియారాన్ని నమ్ముకోకండి. రోజూ ఎలాగూ చేసే ఒక పనిని చూసుకుని, రాతను దాని వెనకాలే తగిలించండి. నాకది డ్యూటీ దిగడం. ఏ షిఫ్టయినా దిగక తప్పదు కదా. యాప్రాన్ విప్పి, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకునే గదిలో 20 నిమిషాలు కూర్చుంటాను. ఇంటికెళ్లి రాద్దాంలే అనుకున్న రోజున ఒక్క ముక్క రాయలేదు. గుమ్మం దాటాక నా కోసం మడతపెట్టాల్సిన బట్టలు ఎదురుచూస్తుంటాయి.

నిజానికి ఆ 20 నిమిషాలు దొరకడం పెద్ద కష్టం కాదు. మొదట్లో అందులో 12 నిమిషాలు నిన్న ఎక్కడ ఆపానో చదువుకోవడానికే పోయేవి. చదివితే ఊరుకుంటామా, దిద్దుతాం. ఒక పేరాని నెల రోజులు దిద్దాను. చివరికి ఆ అధ్యాయమే తీసేశాను! ఇప్పుడు అలారం మోగగానే వాక్యం సగంలో ఉన్నా ఆపేసి, కింద ఒక్క లైను రాసుకుంటాను: ‘అత్త తలుపు తీయదు. ఎందుకు?’ దారంతా ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. మర్నాడు పై పేజీ చూడను, ఆ లైను దగ్గరే మొదలుపెడతాను.

పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ డజన్లకొద్దీ నవలలు రాసిన ఆంథొనీ ట్రోలప్, గడియారం ఎదురుగా పెట్టుకుని 15 నిమిషాలకు 250 మాటలు రాసేవాడు. ఆ లెక్క చూసి హడలిపోయాను. నాకు 20 నిమిషాల్లో 120 వస్తే పండగే. అయినా వారానికి 5 రోజులు, ఏడాదిలో 50 వారాలు వేసుకోండి, 30,000 మాటలవుతాయి. పేజీకి 200 చొప్పున 150 పేజీలు. ఇంగ్లిష్‌ వాళ్లు నవలకు చెప్పే 50,000 లెక్క చూసి టెన్షన్ పడక్కర్లేదు. ‘చెప్పలేకపోయాను’ అన్న ఒక్క మాటకి వాళ్లకి నాలుగు కావాలి.

బస్సులో నిలబడి ఉంటే ఫోన్‌కి చెప్పి టైపు చేయించొచ్చు. కామాలుండవు, మనుషుల పేర్లు మారిపోతాయి. ఆ రోజే సరిచూసుకోకపోతే ఏం చెప్పానో నాకే అర్థం కాదు. సంభాషణలకి మాత్రం బాగా పనికొస్తుంది, చుట్టుపక్కల వాళ్లు వింతగా చూసినా.

దిద్దుబాటు ఇలా ముక్కల్లో కుదరదు. మూడో అధ్యాయంలో చనిపోయిన పక్కింటాయన తొమ్మిదో అధ్యాయంలో వచ్చి తలుపు తట్టాడు. ఇలాంటివి వరసగా చదివితేనే దొరుకుతాయి. అందుకని డ్రాఫ్టు అయ్యాక 4 రోజులు సెలవు పెట్టాను. మీరూ పెట్టండి, కానీ ఇంట్లో తప్ప ఇంకెవరికీ చెప్పకండి. నేను చెప్పాను. మొదటి రోజు సాయంత్రానికే ముగ్గురు ఫోన్ చేశారు, ‘ఎలాగూ ఖాళీయే కదా’ అంటూ.