ఫోర్డ్ కారులో భాగం మార్చాక మాడ్యూళ్లన్నిటినీ ఒకే మాట మీదికి తేవడం ఎలా

డ్యాష్‌బోర్డులోని మీటరు క్లస్టర్ మార్చినా, దీపాలు, తలుపుల వంటివాటిని చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్ మార్చినా, పై వేరియంట్లో మాత్రమే వచ్చే క్రూజ్ కంట్రోల్ వంటి సదుపాయాన్ని తర్వాత బిగించుకున్నా, వైరింగు అంతా సక్రమంగా ఉండి కూడా అది పనిచేయకపోవడం తరచుగా జరుగుతుంది. అటువంటప్పుడు చాలామంది భాగమే చెడిపోయిందని అనుకుంటారు. నిజానికి ఆ కారులో ఏమేమి ఉన్నాయన్న విషయంలో మాడ్యూళ్ల మధ్య, అంటే కారులో ఒక్కో పనిని చూసే చిన్న కంప్యూటర్ల మధ్య, మాట కుదరకపోవడమే ఎక్కువసార్లు కారణమవుతుంది. ఫోర్డ్ సంస్థ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఎకోస్పోర్ట్, ఫిగో, ఆస్పైర్, ఎండీవర్ కార్లు మన రోడ్ల మీద ఇంకా చాలా తిరుగుతున్నాయి, వాటి యజమానులు పాత కార్ల నుంచి తీసిన భాగాల కోసం ఆటోనగర్‌ల చుట్టూ తిరుగుతున్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం రాస్తున్నాను.

ముందుగా కారు లోపలి అమరిక తెలియాలి. ఇంజన్ రకం, గేరుబాక్సు, టైరు కొలత, ఏ దేశపు మార్కెట్టు, ఏయే సదుపాయాలు ఉన్నాయి అన్న వివరాలన్నీ కాన్ఫిగరేషన్ రూపంలో మాడ్యూళ్లలో నిల్వ ఉంటాయి. చాలా ఫోర్డ్ బళ్లలో దీని అసలు ప్రతి బాడీ కంట్రోల్ మాడ్యూల్లో, అంటే బీసీఎంలో ఉంటుంది, దానికి నకలు క్లస్టర్లో ఉంటుంది. మిగతా మాడ్యూళ్లు తమ వద్ద ఉన్నదాన్ని దీనితో సరిచూసుకుంటాయి. కొత్తగా వచ్చిన మాడ్యూల్‌కు కాన్ఫిగరేషన్ ఇంకా పూర్తిగా రాయలేదంటే యూ2100 అనే దోషపు కోడు, రాసింది పొసగడం లేదంటే యూ2101 అనే కోడు సాధారణంగా కనిపిస్తాయి. వీటిని చెరిపివేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే మూలకారణం అలాగే ఉన్నంతకాలం ఇగ్నిషన్ మళ్లీ వేసినప్పుడు అవి తిరిగి వస్తాయి.

ఈ పనికి ఎక్కువమంది వాడేది విండోస్ కంప్యూటరులో నడిచే ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేరు. అందులో కాన్ఫిగరేషన్ విభాగాలు తెరుచుకోవాలంటే ఎక్స్‌టెండెడ్ లైసెన్సు ఉండాలి. కారును కంప్యూటరుతో కలిపే అడాప్టరు విషయంలో మాత్రం పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతాను. మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల వ్యవస్థను క్యాన్ అంటారు. కొన్ని మాడ్యూళ్లు 500 కిలోబిట్ల వేగంతో నడిచే హెచ్‌ఎస్ క్యాన్ మీద, కొన్ని 125 కిలోబిట్ల ఎంఎస్ క్యాన్ మీద ఉంటాయి. అడాప్టరు తగిలించే ఓబీడీ పోర్టులో మొదటిదానికి 6, 14 పిన్నులు, రెండవదానికి 3, 11 పిన్నులు వాడతారు. ఈ రెండింటినీ అందుకోలేని అడాప్టరు పెడితే కారులో సగం మాడ్యూళ్లు అసలు కనిపించవు. చవక బ్లూటూత్ అడాప్టర్లతో కోడ్లు చదవవచ్చునేమో గానీ, రాసే పని మధ్యలో సంబంధం తెగితే మాడ్యూల్ మూగబోయే ప్రమాదం ఉంది కనుక, యూఎస్‌బీ తీగతో కలిపేదే వాడండి. ఇగ్నిషన్ చాలాసేపు వేసి ఉంచాలి కాబట్టి బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంచాలి. వోల్టేజీ 12.5 కంటే కిందికి దిగుతుంటే నేను పని మొదలుపెట్టను.

పాత భాగాన్ని విప్పడానికి ముందే దానిలోని కాన్ఫిగరేషన్ చదివి దాచిపెట్టాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఆ మాట ఇదే. ఒకసారి ఒక మిత్రుడి ఎకోస్పోర్ట్‌కు క్లస్టర్ మార్చవలసి వచ్చింది. నేను షెడ్డుకు చేరేసరికి మెకానిక్ పాత క్లస్టర్ విప్పి పక్కన పెట్టేశారు. కొత్తగా పెట్టినది వేరే వేరియంట్ కారు నుంచి తెచ్చినది. ఇగ్నిషన్ వేయగానే ఏబీఎస్ దీపం వెలిగింది, తలుపు మూసి ఉన్నా తెరిచి ఉందన్న సూచన వచ్చింది. పాత క్లస్టర్‌ను మళ్లీ తగిలించి, అందులోని వివరాలు చదివి, ఆ తర్వాత కొత్తదానికి రాసేసరికి సాయంత్రమైంది. ముందే పది నిమిషాలు కేటాయించి ఉంటే ఆ రోజంతా పోయేది కాదు. ఆ రోజు నుంచి ఏ భాగం మార్చినా బీసీఎం, క్లస్టర్, ఏబీఎస్, ఇంజన్ మాడ్యూళ్లన్నిటినీ చదివి, కారు నంబరు, తేదీ వేసి ఫైళ్లు దాచుకుంటున్నాను.

పాత మాడ్యూల్ పలుకుతున్నంతవరకు మార్పిడి కష్టం కాదు. ప్రోగ్రామబుల్ మాడ్యూల్ ఇన్‌స్టలేషన్ అనే పద్ధతిలో సాఫ్ట్‌వేరు ముందు పాతదాన్ని చదువుతుంది, భాగం మార్చమంటుంది, ఆపై కొత్తదానికి అదే రాస్తుంది. పాతది పూర్తిగా చచ్చిపోయి ఉంటే, కారు చాసిస్ నంబరు ఆధారంగా ఫోర్డ్ వద్ద ఉండే యాజ్‌బిల్ట్ వివరాలే ఆధారం. అయితే యాజ్‌బిల్ట్ అంటే ఆ కారు పుట్టినప్పటి జాతకం. ఫ్యాక్టరీ దాటాక మీరు మార్చిన టైరు కొలత గానీ, పెట్టించుకున్న క్రూజ్ కంట్రోల్ గానీ అందులో ఉండవు. కాబట్టి ముందు యాజ్‌బిల్ట్ రాసి, కారు దోషాలు లేకుండా నిలకడగా ఉందని చూసుకుని, ఆ తర్వాతే మీ మార్పులను ఒక్కొక్కటిగా తిరిగి చేర్చండి. అన్నీ ఒకేసారి మార్చితే ఏది తేడా తెచ్చిందో ఎవరూ చెప్పలేరు.

కొత్త సదుపాయం చేర్చేటప్పుడు అదే మోడల్, అదే ఇంజన్, అదే సంవత్సరపు పై వేరియంట్ కారు వివరాలను మీ కారు వివరాలతో పక్కపక్కన పెట్టి పోల్చడం మంచి మార్గం. ఎదుటి కారు కాన్ఫిగరేషన్‌లోని అంకెల వరుసలను మొత్తంగా తెచ్చి అతికించకండి, ఎందుకంటే ఒకే వరుసలో గేరుబాక్సు, టైరు, దీపాల వివరాలు కలిసి ఉండవచ్చు. తేడా ఉన్న అంకె ఏదో, అది దేనికి సంబంధించినదో తెలుసుకున్నాకే దాన్ని మార్చండి. వరుస ఎలా ఉంటుందో లెక్క కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం, దీన్ని మీ కారులో రాయకండి. బీసీఎం చిరునామా 726. దాని మొదటి వరుస 726-01-01 1020 0008 0168 అనుకుందాం. చివరి 68 సరిచూపు సంఖ్య, దాని ముందున్న ఐదు జతలు అసలు సమాచారం. ఇవన్నీ హెక్సాడెసిమల్ అంకెలు, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించేవి. చిరునామా 726ను జతలుగా విడదీస్తే వచ్చే 07, 26, తర్వాతి 01, 01 మామూలు లెక్కలో 7, 38, 1, 1 అవుతాయి, మొత్తం 47. సమాచారంలోని 10, 20, 00, 08, 01 అంటే 16, 32, 0, 8, 1, మొత్తం 57. రెండూ కలిపితే 104, అది హెక్సాడెసిమల్‌లో 68. ఇప్పుడు 08ని 09గా మార్చితే చివరి జత 69 కావాలి. మొత్తం 255 దాటితే హెక్సాడెసిమల్‌లోని చివరి రెండు స్థానాలనే తీసుకుంటారు. కాగితం మీద ఈ లెక్క ఒకసారి వేసి చూసుకుంటే, పొరపాటున ఒక అంకె అటూ ఇటూ కొట్టినా రాయకముందే దొరికిపోతుంది.

అసలు ప్రతి, నకలు రెండూ ఉన్న కార్లలో బీసీఎంలో చేసిన మార్పును క్లస్టర్లోని నకలులోనూ చేయాలి. ఒక్కచోటే చేసి వదిలేస్తే రెండూ వేర్వేరు మాట చెబుతాయి. ఆ తర్వాత సదుపాయాన్ని నేరుగా నడిపే మాడ్యూల్, అంటే క్రూజ్ కంట్రోల్ అయితే ఇంజన్ మాడ్యూల్, దాన్ని ఒప్పుకుంటోందో లేదో చూడాలి. రాయడం పూర్తయ్యాక ఇగ్నిషన్ ఆపి, తలుపులు మూసి తాళం వేసి, మాడ్యూళ్లన్నీ నిద్రలోకి వెళ్లే వరకు కొద్దిసేపు కారును కదపకుండా వదిలేయండి. మళ్లీ వేసి కోడ్లు చదవండి, చెరిపివేయండి, కొంత దూరం నడిపాక మరోసారి చదవండి. చెరిపిన వెంటనే ఖాళీగా కనిపించిన జాబితాను నమ్మకూడదు. కొన్ని కోడ్లు చక్రాలు తిరిగినప్పుడే పడతాయి.

కొన్నిచోట్ల చేయి పెట్టకపోవడమే మంచిది. ఊడిపోయిన సెన్సారునో, కాలిపోయిన బ్యాగునో ఆ కారుకు అసలు లేనట్టు ఎయిర్‌బ్యాగు మాడ్యూల్‌లో రాసి దీపం ఆర్పడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే, అలా చేయమని అడిగినవారికి నేను ఎప్పుడూ లేదనే చెప్పాను. బీసీఎం గానీ ఇంజన్ మాడ్యూల్ గానీ మార్చితే సొంత తాళంచెవి లేకుండా ఇంజన్ స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజరును తిరిగి కలపాలి, దానికి చాలా ఫోర్డ్ కార్లలో రెండు తాళంచెవులు కావాలి కాబట్టి రెండవ తాళంచెవి ఇంట్లో మరిచిపోకుండా వెంట తెచ్చుకోండి. వేరే కారు నుంచి తీసిన క్లస్టర్ పెట్టినప్పుడు దానిలోని కిలోమీటర్లు వేరుగా ఉంటే, మార్చిన తేదీ, రెండు రీడింగులు బిల్లు మీద రాయించి సర్వీసు పుస్తకంలో అతికించండి. రేపు ఆ కారు కొనే వ్యక్తికి ఆ కాగితం కావాలి.

చివరగా, మార్పులన్నీ కుదిరి కారు రెండు మూడు రోజులు దోషం లేకుండా నడిచాక మాడ్యూళ్లన్నిటినీ మరోసారి చదివి, కొత్త ఫైళ్లను పాతవాటి పక్కన వేరే పేరుతో దాచండి. మళ్లీ భాగం మార్చవలసి వచ్చినప్పుడు యాజ్‌బిల్ట్ దగ్గర నుంచి కాక ఈ ఫైళ్ల దగ్గర నుంచే మొదలుపెట్టవచ్చు.