కాలేజీలో కూల్ డ్రింక్ ఒప్పందం: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

నాలుగు ఫ్రిజ్‌లు, ఫెస్టుకు స్టేజీ, ఏటా కొంత సొమ్ము ఇస్తామంటూ కూల్ డ్రింక్ కంపెనీ తరఫు మనిషి వస్తాడు. బదులుగా అడిగేది ఒక్కటే, క్యాంపస్‌లో మా సరుకే అమ్మాలని. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ 1992లో పెప్సీతో పదేళ్లకు 1.4 కోట్ల డాలర్లకు కుదుర్చుకున్నది ఈ బేరమే. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీలకొచ్చే మొత్తం చిన్నదైనా మెలికలు అవే.

ముందు మీ అమ్మకమెంతో తేల్చుకోండి. క్యాంటీన్ కాంట్రాక్టర్ బిల్లులు తీసుకుని నెలవారీగా ఎన్ని క్రేట్లు దిగాయో ఏడాదికి రాసుకోండి. మార్చి ఒక్కటీ చూసి పన్నెండుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. సంక్రాంతికి, వేసవి సెలవులకు క్రేటు కదలదు.

ఎక్కువ దెబ్బ తినేది టార్గెట్ దగ్గరే, అంటే ఏటా ఇన్ని సీసాలు అమ్మి తీరాలన్న షరతు దగ్గర. 3,000 మంది చదివే కాలేజీకి ఏటా 2 లక్షల సీసాలని రాశారనుకోండి. తరగతులు 180 రోజులైతే రోజుకు 1,111 సీసాలు. అంటే ముగ్గురిలో ఒకరికి మించి రోజూ కొనాలి. అయ్యే పని కాదు. అమ్మకం అంతకు తగ్గితే సొమ్ములో కోత పెడతారు, లేదా పైసా ఇవ్వకుండా గడువు పొడిగిస్తారు. అందుకే టార్గెట్ కొట్టేయించి, సీసాకు ఇంతని కమీషన్ అడగండి. పిల్లల చేత చక్కెర నీళ్లు తాగించే పూచీ కాలేజీ నెత్తికెత్తుకోకూడదు. క్యాంపస్‌లలో జంక్ ఫుడ్ వద్దని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2016లో చెప్పింది, 2018లో మళ్లీ గుర్తుచేసింది.

“మా సరుకే” అన్నచోట “గ్యాస్ ఉన్న కూల్ డ్రింకులు మాత్రమే” అని రాయించండి. “అన్ని పానీయాలు” అని ఉంటే మజ్జిగ, చెరకు రసం పోతాయి, గేటు దగ్గర ఉద్దానం కొబ్బరి బోండాలు కొట్టిచ్చే మనిషీ పోతాడు. తాగునీటి ఆర్వో ప్లాంటు, ఉచిత కుళాయిలు ఎప్పటిలాగే నడుస్తాయని విడిగా ఒక వాక్యం తప్పనిసరి.

ఫ్రిజ్‌లకు సబ్‌మీటర్ పెట్టించండి. ఒక్కోటి రోజుకు 6 యూనిట్లు లాగితే నాలుగింటికి నెలకు 720 యూనిట్లు. ఆ బిల్లు ఎవరిదో రాయకపోతే కాలేజీ మీదే పడుతుంది. చెడిపోతే 48 గంటల్లో బాగుచేయాలని, ఎమ్మార్పీ మీద కూలింగ్ చార్జీ తీసుకోకూడదని కూడా చేర్చండి. జీఎస్టీ ఎవరు కడతారో తేల్చండి.

గడువు మూడేళ్లు దాటనివ్వొద్దు. టెండర్ పిలిచి ఇద్దరు ముగ్గురి రేట్లు చూడండి. ఒప్పందం బయటపెట్టకూడదన్న షరతుకు మాత్రం ఒప్పుకోవద్దు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ 1995లో కోకాకోలాతో చేసుకున్న ఒప్పందం, 2001లో సమాచార కమిషనర్ ఆదేశిస్తే గానీ బయటికి రాలేదు.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే విద్యార్థులు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. వాణిజ్య రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపి ఆపితే, సెక్షన్ 10 కింద మిగతా పేజీలైనా ఇమ్మని ముందే దరఖాస్తులో అడగండి. జవాబు రాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.