తిమ్మిరి ఏ వేళ్లకో చూడండి

చెయ్యి తిమ్మిరెక్కితే విదిలించి ఊరుకోకుండా ఏ వేళ్లో గమనించండి. చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు సగం మొద్దుబారితే అల్నార్ నరం నొక్కుకుందని అనుమానించాలి. అది మోచేతి లోపలి ఎముక వెనక, చర్మం కిందే ఉంటుంది. అక్కడ ఏదైనా తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనేది అందుకే. ఫోన్ చెవికి ఆనించి గంటలు మాట్లాడేవాళ్లకు ఈ తిమ్మిరి మామూలే. మోచెయ్యి చాపితే చాలావరకు సర్దుకుంటుంది.

బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లయితే మణికట్టు దగ్గర మీడియన్ నరం. రాత్రిళ్లు ఎక్కువైతే మణికట్టు వంచకుండా పడుకోండి.

కాలు మీద కాలేసుకుని కూర్చున్నాక పాదం పైభాగం మొద్దుబారిందా? మోకాలి కింద బయటివైపు ఎముకను చుట్టివెళ్లే పెరోనియల్ నరం నొక్కుకుని ఉండొచ్చు. పాదం పైకి లేవకపోయినా, చేతిపట్టు తగ్గినా ఇంటి వైద్యం వద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించండి.