ఏళ్ల నాటి థ్రెడ్‌లో రిప్లై ఇవ్వొచ్చా? ఇస్తే ఎలా ఇవ్వాలి?

ఏదో సమస్యకు పరిష్కారం వెతుకుతుంటే సెర్చ్‌లో ముందుగా తగిలేది చాలాసార్లు ఐదారేళ్ల కిందటి ఫోరమ్ చర్చే (ఇలా ఒక ప్రశ్నా, దాని కింది రిప్లైలూ కలిపి థ్రెడ్ అంటారు). అక్కడ అడిగిన మనిషిదీ మన బాధే. కింద నాలుగైదు జవాబులుంటాయి, వాటిలో సగం ఇప్పుడు పనిచేయవు. పనిచేసేది మీకు తెలుసు, రాద్దామనిపిస్తుంది. కానీ ఎవరైనా వచ్చి "తేదీ చూసుకోరా?" అంటారేమోనని జంకు. ఇలా పాత చర్చను మళ్లీ లేపడానికి నెక్రోపోస్టింగ్ అని ఓ ఎగతాళి పేరు కూడా ఉంది మరి.

థ్రెడ్ వయసు నేనైతే పెద్దగా పట్టించుకోను. రాసేదాంట్లో కొత్త విషయం ఉందా, అది ఆ ప్రశ్నకే సంబంధించిందా అన్నవి చూసుకుంటే చాలావరకు గొడవ ఉండదు.

1. ముందు ఆ సైట్ పద్ధతి తెలుసుకోండి

చాలా ఫోరమ్‌లలో చివరి రిప్లై ఎప్పుడు వచ్చిందన్న దాన్నిబట్టి థ్రెడ్‌లు వరుసలో కనిపిస్తాయి. మీరు ఒక్క ముక్క రాసినా పాత థ్రెడ్ జాబితా పైకొచ్చి కూర్చుంటుంది. దీన్నే బంప్ అంటారు. ఇవాళ ఎవరో అడిగిన ప్రశ్న ఆ మేరకు కిందికి జారుతుంది. పైగా ఆ థ్రెడ్‌ని ఎప్పుడో ఫాలో అయి మర్చిపోయిన వాళ్లకి మెయిళ్లు వెళ్తాయి. జనం విసుక్కునేది దీనికే.

అన్నిచోట్లా ఇలాగే ఉండదు. రెడ్డిట్‌లో పాత పోస్ట్ కింద కామెంట్ పెట్టినంత మాత్రాన ఆ పోస్ట్ మళ్లీ పైకి రాదు. అక్కడ ఒకప్పుడు ఆరు నెలలు దాటిన పోస్టులు వాటంతటవే మూసుకుపోయేవి. 2021 నుంచి మూయాలా వద్దా అన్నది ఆయా కమ్యూనిటీల బాగోగులు చూసే మోడరేటర్లకే వదిలేశారు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో ఇంకో అడుగు ముందుకేసింది. 60 రోజులు దాటిన ప్రశ్నకు జవాబు రాసి, దానికి 5 స్కోరు తెచ్చుకుంటే నెక్రోమాన్సర్ (చచ్చినవాళ్లను లేపే మాంత్రికుడు) అనే బ్యాడ్జి ఇస్తుంది! వికీపీడియా చర్చా పేజీల్లో మాత్రం ఆర్కైవ్‌లోకి వెళ్లిన చర్చను కదపకూడదు. కొత్త విభాగం మొదలుపెట్టి పాతదానికి లింక్ ఇవ్వాలి. డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోరమ్‌లలో పాత థ్రెడ్‌కి రిప్లై రాయబోతే, చివరి రిప్లై ఎప్పటిదో చూపించి ఒకసారి ఆలోచించుకోమంటుంది.

కాబట్టి ఫోరమ్ రూల్స్ ఒకసారి చదవండి. థ్రెడ్ లాక్ అయి ఉంటే అంతటితో వదిలేయండి.

2. అక్కడే రాయాలా, కొత్తది పెట్టాలా?

తికమకంతా ఇక్కడే.

పాత ప్రశ్నకే మీ దగ్గర కొత్త జవాబుంటే అక్కడే రాయండి. ఉదాహరణకు, 2016లో ఎవరో చెప్పిన సెట్టింగ్ ఇప్పుడు వేరే మెనూలోకి మారింది అనుకుందాం. ఆ సంగతి ఆ థ్రెడ్‌లో ఉంటేనే సెర్చ్ చేసి వచ్చేవాళ్లకు దొరుకుతుంది. విడిగా పెడితే ఎవరి కంటా పడకపోవచ్చు.

మీ సమస్య "దాదాపు అలాంటిదే" అయితే కొత్త థ్రెడ్ పెట్టండి. ఒకే ఎర్రర్ మెసేజ్‌కి రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. పాతదాంట్లో దూరితే మీ వివరాలూ వాళ్ల వివరాలూ కలిసిపోయి, సాయం చేద్దామని వచ్చినవాళ్లకు ఎవరికి జవాబివ్వాలో అర్థం కాదు. కొత్త థ్రెడ్‌లో పాతదాని లింక్ ఇచ్చి, "ఇందులో చెప్పినవి చేసి చూశాను, ఫలానా చోట ఆగిపోయింది" అని రాయండి. వెతక్కుండానే అడిగారన్న మాట కూడా రాదు.

"నాకూ ఇదే సమస్య", "ఏమైనా తెలిసిందా?", "థాంక్స్" లాంటివాటికి లైక్ బటన్ చాలు. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఒకప్పుడు ఇలాంటి ప్లస్ వన్ కామెంట్లు కుప్పలుగా పడేవి. వాటితో విసిగిపోయిన ఓపెన్ సోర్స్ డెవలపర్లు 2016 జనవరిలో గిట్‌హబ్‌కు బహిరంగ లేఖ రాశారు. మార్చికల్లా కామెంట్లకు ఎమోజీ రియాక్షన్లు వచ్చేశాయి.

ఇక పాత వాదనలు. మూడేళ్ల కిందట ఎవరో తప్పుగా అన్న మాటకు ఇవాళ దీటైన సమాధానం తట్టినా సరే, చచ్చిన పామును కొట్టకండి. అన్న మనిషి ఆ అభిప్రాయాన్ని ఎప్పుడో మార్చుకుని ఉండొచ్చు, అసలు ఆ ఫోరమ్‌కే రావడం మానేసి ఉండొచ్చు.

3. చివరిదాకా చదివి, తేదీ ప్రస్తావిస్తూ రాయండి

థ్రెడ్‌లో రెండో పేజీ ఉందేమో చూడండి. మీరు చెప్పబోయేది అక్కడ ఎవరో ఈపాటికే చెప్పేసి ఉండొచ్చు.

మొదటి వాక్యంలోనే పాత థ్రెడ్ అని మీకు తెలుసన్న సంగతి రావాలి. ఇలా:

"ఇది 2017 నాటి థ్రెడ్ అని తెలుసు. సెర్చ్‌లో ఇంకా మొదట ఇదే వస్తోంది కాబట్టి రాస్తున్నాను. పైన మూడో రిప్లైలో చెప్పిన పద్ధతి కొత్త వెర్షన్‌లో పనిచేయడం లేదు. దాని బదులు ఇలా చేయాలి..."

పెద్ద క్షమాపణలు అక్కర్లేదు. వెర్షన్, మోడల్ వివరాలు మాత్రం తప్పకుండా రాయండి, ఎందుకంటే మీ రిప్లై కూడా రేపు పాతబడేదే. లింక్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, విషయం అక్కడే రాయండి. 2017లో ఫోటోలు దాచుకునే సైట్ ఫోటోబకెట్ తన ఉచిత ఖాతాల ఫోటోలు వేరే సైట్లలో కనిపించకుండా ఆపేసినప్పుడు, ఎన్నో ఫోరమ్‌లలో "ఎలా చేయాలి" థ్రెడ్‌లు బొమ్మల్లేకుండా మిగిలిపోయాయి. లింక్ చచ్చిపోయిన పాత పోస్ట్ కనిపిస్తే, దాని కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఉందేమో చూసి పెట్టడం కూడా పనికొచ్చే రిప్లైయే.

కొత్తగా ఖాతా తెరిచి, మొదటి పోస్టే పాత థ్రెడ్‌లో, అందులోనూ ఓ లింక్‌తో పెడితే మోడరేటర్లు స్పామ్ అనుకుంటారు. స్పామర్లు చేసేది సరిగ్గా అదే మరి. ఆ లింక్ ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి.

పాతవాళ్లను పేరుపేరునా ట్యాగ్ చేసి పిలవకండి. అడిగిన మనిషి నుంచి ఒక వివరం తప్పనిసరిగా కావాలంటే ఆ ఒక్కరికీ ప్రైవేట్ మెసేజ్ పంపండి. జవాబు రాకపోతే మళ్లీ పంపకండి.

4. థ్రెడ్ మీదే అయితే

మీరు అడిగిన ప్రశ్నకు రెండేళ్ల తర్వాత పరిష్కారం దొరికినా వెనక్కి వెళ్లి రాయండి. దీన్ని తప్పుపట్టేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. "సరైపోయింది, థాంక్స్" అని మాత్రం ముగించకండి. ఎలా సరైందో చెప్పకపోతే చదివేవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఎడిట్ చేసే వీలుంటే, మొదటి పోస్ట్ పైన "పరిష్కారం కింద ఉంది" అని ఒక వాక్యం చేర్చండి.

5. వేరెవరో లేపితే

"ఈ థ్రెడ్ పాతది, చూసుకోండి" అని మీరు రాసే రిప్లై కూడా దాన్ని ఇంకోసారి పైకి తెస్తుంది. స్పామ్ అయితే రిపోర్ట్ బటన్ నొక్కి వదిలేయండి. తెలియక రాసిన కొత్తవాళ్లయితే, ప్రైవేట్ మెసేజ్‌లో కొత్త థ్రెడ్ ఎక్కడ పెట్టాలో చెప్పండి. ఆ చర్చతో మీకిక పని లేదనుకుంటే నోటిఫికేషన్లు మ్యూట్ చేసుకోండి.