స్కాఫెల్ పైక్ ఎక్కుతున్నారా? వాగు వెంట మాత్రం దిగకండి

మొన్న శనివారం రాత్రి 11కి ఫోన్. మా ఫ్రెండ్ తమ్ముడు, వాడి రూమ్మేట్లు ముగ్గురు, ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన కొండ స్కాఫెల్ పైక్ ఎక్కడానికి పొద్దున వెళ్లి ఇంకా రాలేదట. తెల్లవారుజామున మౌంటెన్ రెస్క్యూ వాళ్లు కిందికి తెచ్చారు. ఒకడికి చీలమండ విరిగింది. మిగతావాళ్లు చలికి కొయ్యబారిపోయారు. బతికారు, అది చాలు.

వానకోటు, బూట్లు, పులిహోర డబ్బా సంగతి అందరూ చెప్తారు, నేను చెప్పను. 978 మీటర్లే కదా, మన అరకు లోయే దాదాపు అంత ఎత్తు అనుకుంటాం. కానీ ఇక్కడ కింది నుంచి పైదాకా కాళ్లతోనే ఎక్కాలి. పైన చెట్టు ఉండదు, అంతా రాళ్ల గుట్టలే. పొగమంచు దిగితే నాలుగు దిక్కులూ ఒకేలా ఉంటాయి.

అసలు తప్పు అప్పుడే చేస్తాం. దారి తప్పామని తెలుస్తుంది, దగ్గర్లో నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. నీళ్ల వెంట పోతే ఊరొస్తుందని చిన్నప్పుడు ఎవరో చెప్పింది గుర్తొస్తుంది. ఈ కొండల్లో నీళ్ల వెంట పోతే ముందు వచ్చేది ఊరు కాదు, లోయ అంచు. శిఖరం నుంచి వాస్‌డేల్ లోయ వైపు దిగేటప్పుడు ఎడమకి తిరిగే బాట పొగమంచులో తప్పిందంటే, లింగ్‌మెల్ కనుమ మీదుగా కుడివైపు పియర్స్ గిల్ అనే లోతైన చీలికలోకి పోతారు. మొదట మనిషెత్తు జలపాతం. కూర్చుని జారితే దిగిపోవచ్చు. తర్వాత ఇంకోటి, అదీ దిగొచ్చు. ఆ తర్వాతది దిగలేరు. వెనక్కి ఎక్కుదామంటే ఇందాక జారిన తడి రాయి ఎక్కనివ్వదు. ఫోన్‌కి సిగ్నల్ కూడా దొరక్కపోవచ్చు. మా వాళ్లు ఇరుక్కున్నది ఇలాంటి చోటే. కాబట్టి వాగు వెంట దిగకండి. తప్పిపోతే చివరిసారి బాట కనిపించిన చోటుకి తిరిగి ఎక్కండి, ఎంత ఒళ్లు నొప్పులైనా సరే.

ఇక టైమ్. 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట, ఇదీ ఇక్కడి పాత లెక్క. కొండ కింద నడక మొదలయ్యే వాస్‌డేల్ హెడ్ నుంచి పోయి రావడం దాదాపు 9 కిలోమీటర్లు, ఎక్కేది 900 మీటర్లు. ఆగకుండా నడిస్తే 3 గంటల 20 నిమిషాలు. సెల్ఫీలతో మనకి 6 గంటలు వేసుకోండి. అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక 5 కాకముందే పొద్దు గుంకుతుంది. తొమ్మిదిన్నరకల్లా నడక మొదలవ్వాలి. మాంచెస్టర్‌లో 8కి టిఫిన్ తిని బయల్దేరే బ్యాచ్‌లు చిన్న కొండ చూసుకోండి. 451 మీటర్ల క్యాట్‌బెల్స్ ఉంది, అదీ అందంగానే ఉంటుంది.

వెనుదిరిగే టైమ్ కార్లోనే ఖాయం చేసుకోండి. ఆ టైమ్ అయ్యిందా, శిఖరం పది నిమిషాల్లో ఉన్నా తిరగండి.

ఎక్కేటప్పుడు బాట చీలిన ప్రతి చోటా వెనక్కి తిరిగి ఫోటో తీయండి. దిగేటప్పుడు కనిపించేది ఆ వైపే.

మనిషికో హెడ్ టార్చ్. ఫోన్ లైట్ టార్చ్ కాదు.

ఓఎల్ 6 అనే ఈ కొండల కాగితం మ్యాప్, కంపాస్. చూడటం రాకపోతే ఇంట్లో నేర్చుకోండి, కొండ మీద కాదు.

జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు.

విడిపోవద్దు. "మీరు పదండి, నేను మెల్లగా వస్తా" అన్నవాడిని ఒక్కణ్నే వదలొద్దు.

వాగు వెంట దిగొద్దు. కింద కార్ పార్కు కనిపిస్తున్నా సరే, బాట లేకపోతే దిగొద్దు.

ఇరుక్కుంటే కదలొద్దు. ఎమర్జెన్సీ నంబర్ 999కి చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. 999కి మెసేజ్ కూడా పెట్టొచ్చు, కానీ నంబర్ ముందే రిజిస్టర్ చేసుకోవాలి, ఈ రాత్రే చేయండి. నిమిషంలో 6 సార్లు ఈల, ఒక నిమిషం ఆగి మళ్లీ 6. వచ్చేవాళ్లు వాలంటీర్లు, పైసా తీసుకోరు. బిల్లు వేస్తారని, వీసాకి ఇబ్బందని మావాడు రెండు గంటలు ఫోన్ చేయకుండా కూర్చున్నాడు.

ఏ దారి, ఎన్నింటికి దిగుతారు అన్నది ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. దిగగానే మెసేజ్ పెట్టండి, చాయ్‌కి ఆగే ముందే. లేదంటే మీరు చాయ్ తాగుతుంటే వాళ్లు వానలో మీకోసం కొండ ఎక్కుతుంటారు.