సొంత కారుతో సముద్రం దాటాలంటే: కడప నుంచి ఒమన్ దాకా లాంగ్ డ్రైవ్ ప్లాన్ చేయడం ఎలా?

కడప, రాజంపేట, రాయచోటి వైపు ఏ వీధికి పోయినా గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. అందుకే "అక్కడిదాకా మన కారే తీసుకుపోతే ఎట్లుంటుంది?" అని అడిగేవాళ్లు ఎక్కువ. తీసుకుపోవచ్చు, బ్రహ్మాండంగా ఉంటుంది కూడా. కానీ చాలామంది ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు రూఫ్ క్యారియర్, ఫాగ్ లైట్లు, బానెట్ మీద ప్రపంచ పటం స్టిక్కరు కొంటారు. తర్వాత మ్యాప్‌లో రూటు గీస్తారు. ఓడ సంగతి, కాగితాల సంగతి చివరి నెలలో గుర్తొస్తాయి. సరిగ్గా దీన్ని తిరగేయాలి. ముందు నీళ్లు ఎక్కడ దాటాలో చూసుకోవాలి, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే రోడ్డు.

1. నీళ్లు ఎక్కడ దాటాలో తేల్చుకోండి

మన దేశం నుంచి విదేశానికి కారు ఎక్కించుకుని పోయే ఫెర్రీ లేదు. "నాగపట్నం నుంచి శ్రీలంకకు ఉందంట కదన్నా" అంటారు. 2023 అక్టోబరులో మొదలైన ఆ నాగపట్నం–కాంకేసంతురై ఓడ మనుషులకు మాత్రమే, బండ్లకు కాదు. కాబట్టి మొదటి సముద్రం కంటైనర్‌లోనే దాటాలి. కడపవాళ్లకు అనువైన పోర్టు చెన్నై. రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా ఒక పూట డ్రైవ్.

రోడ్డు మార్గమే గొప్ప అనేవాళ్లతో నేను ఏకీభవించను. పాకిస్తాన్ సరిహద్దులోని అటారీ చెక్‌పోస్టును 2025 ఏప్రిల్‌లో మూసేశారు. 2021లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక మయన్మార్ దారి నమ్ముకోదగ్గది కాదు. నేపాల్ దాటి చైనాలోకి పోవాలంటే ఏజెన్సీ ద్వారా అనుమతులు, అక్కడి తాత్కాలిక నంబర్ ప్లేటు, వెంట ఒక గైడు ఉండాలి. ఆ ఖర్చుతో మొత్తం కుటుంబాన్ని గల్ఫ్ తిప్పి తీసుకురావచ్చు. షార్జా నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు కార్లెక్కే ఫెర్రీ గురించీ అడుగుతుంటారు. ఇరాన్ విషయంలో మన విదేశాంగ శాఖ హెచ్చరికలు చదవకుండా ఆ టికెట్ వైపు చూడకూడదు.

మొదటిసారి పోయేవాళ్లకు నేను చెప్పే రూటు ఒక్కటే. చెన్నై నుంచి కంటైనర్‌లో దుబాయ్ జెబెల్ అలీ పోర్టు. అక్కడినుంచి రస్ అల్ ఖైమా దాటి ఒమన్‌కు చెందిన ముసందం, ఖసబ్ ఊరు. ఖసబ్‌లో కారును ఫెర్రీ ఎక్కించి షినాస్‌లో దిగడం. తర్వాత మస్కట్, నిజ్వా, ఓపిక ఉంటే షన్నా నుంచి మరో ఫెర్రీలో మసీరా దీవి. తిరిగి రోడ్డు మీదే యూఏఈ, జెబెల్ అలీ.

మధ్యలో ఫెర్రీ ఎందుకంటే, ముసందం ఒమన్‌దే అయినా మిగతా ఒమన్‌కు అతుక్కుని లేదు. మధ్యలో యూఏఈ భూమి ఉంది. రోడ్డు మీద పోతే యూఏఈ, ఒమన్, మళ్లీ యూఏఈ, మళ్లీ ఒమన్, చివరికి మళ్లీ యూఏఈ అని అయిదుసార్లు దేశంలోకి ప్రవేశించాలి. ఫెర్రీలో పోతే మూడే. ఒమన్‌లోనే ఎక్కి ఒమన్‌లోనే దిగుతారు కాబట్టి రెండు ప్రవేశాలు తగ్గుతాయి. దీని విలువ కార్నెట్ (సరిహద్దుల్లో బండికి చూపించే కస్టమ్స్ పుస్తకం) దగ్గర తెలుస్తుంది.

2. కాలం, వీసా, లైసెన్సు

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపలే పోవాలి. మే నెల ఎండలో కర్నూలు, కడప రోడ్ల మీద తిరిగినవాళ్లం, మాకేం కాదు అనుకోకండి. గల్ఫ్ వేసవిలో ఎండకు సముద్రపు ఉక్క తోడవుతుంది. ఆఫీసుల సెలవులు కూడా చూసుకోండి. 2022 నుంచి యూఏఈలో ఎక్కువ ప్రభుత్వ ఆఫీసులకు వారాంతం శని, ఆదివారాలు. ఒమన్‌లో శుక్ర, శనివారాలు. రంజాన్ నెలలో పని గంటలు తగ్గుతాయి.

యూఏఈలోకి రెండుసార్లు పోతారు కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా తీసుకోండి. సింగిల్ ఎంట్రీ తీసుకుని ఒమన్ సరిహద్దులో తల పట్టుకునేవాళ్లు ప్రతి సీజన్లోనూ ఉంటారు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు. దరఖాస్తు సారథి పోర్టల్‌లో చేయాలి. ఏడాదే చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో మూడేళ్లు, పదేళ్లకు అమ్మేవి దేనికీ పనికిరావు. అసలు లైసెన్సు కార్డు కూడా వెంట ఉండాలి. ఆర్‌సీ కూడా చేతిలో పట్టుకునే కాగితమో కార్డో కావాలి. ఫోన్లో డిజిలాకర్ చూపిస్తే సరిహద్దు ఆఫీసర్ ఒప్పుకోడు. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ అన్నింటికన్నా ముందు అడగండి. అన్నింటికన్నా ఆలస్యంగా వచ్చేది అదే.

3. ఇన్సూరెన్స్

మన పాలసీకి అదనపు ప్రీమియం కట్టి కవరేజీ పెంచుకోగలిగే దేశాలు బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు. గల్ఫ్ అందులో లేదు. కాబట్టి యూఏఈలో అడుగుపెట్టగానే అక్కడి థర్డ్ పార్టీ పాలసీ కొనాలి. అది ఒమన్‌లో కూడా చెల్లేలా, అక్కడ ఆరెంజ్ కార్డు అని పిలిచేది అడిగి తీసుకోవాలి. ఓడలో ఉన్నంతసేపూ మన కారు పాలసీ పనిచేయదు. దానికి మెరైన్ ఇన్సూరెన్స్ వేరే. అనవసరం అనే షిప్పింగ్ ఏజెంటును మార్చేయండి.

4. కార్నెట్: అసలు కష్టం ఇక్కడే

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి.

కార్నెట్ అంటే ఈ బండిని మీ దేశంలో అమ్మం, తిరిగి బయటికి తీసుకుపోతాం, లేకపోతే దిగుమతి సుంకం మేం కడతాం అనే హామీ పుస్తకం. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బండి విలువను, పోయే దేశాలను బట్టి బ్యాంకు గ్యారంటీ లాంటి పూచీకత్తు పెట్టాలి. అంటే మీ డబ్బు ఆ పుస్తకంలో ఇరుక్కుని ఉంటుంది. చెల్లుబాటు ఒక ఏడాది.

ఇది 5, 10, 25 పేజీలతో వస్తుంది. ఒక దేశంలోకి ఒకసారి పోయి బయటికి వస్తే ఒక పేజీ అయిపోతుంది. నేను చెప్పిన రూటుకు 3 పేజీలు చాలు. ముసందంకు రోడ్డు మీద పోయి వస్తే 5 పేజీలూ అయిపోతాయి, అత్యవసరంగా ఇంకోసారి సరిహద్దు దాటాల్సి వస్తే చేతిలో ఏమీ ఉండదు. ఫెర్రీ టికెట్ ఖరీదు అని వెనకాడేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

పుస్తకం చేతికి రాగానే కారు దగ్గర కూర్చుని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అక్షరం అక్షరం సరిచూడండి. ఆర్‌సీ చూసి కాదు, బండి మీద చెక్కిన నంబరు చూసి. సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పడినా పోర్టులో కారు ఆగిపోతుంది. రంగు, సీట్లు, స్పేర్ టైరు కూడా చూడండి. బండి మీ నాన్న పేరు మీదుండి మీరు నడుపుతుంటే ఆయన రాసిచ్చిన అధికార పత్రం కావాలి.

ప్రతి పేజీలో మూడు ముక్కలుంటాయి. కింది ముక్క ప్రవేశానికి, మధ్య ముక్క నిష్క్రమణకు, పై ముక్క మన దగ్గరే ఉండిపోతుంది. లోపలికి పోయేటప్పుడు ఆఫీసర్ కింది ముక్క చించుకుని, పై ముక్క మీద ఒక వైపు స్టాంపు వేస్తాడు. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క చించుకుని, పై ముక్క మీద రెండో వైపు స్టాంపు వేయాలి. పై ముక్క మీద రెండు స్టాంపులు పడితేనే ఆ దేశంతో మన లెక్క తీరినట్టు.

లోపలికి వెళ్లేటప్పుడు స్టాంపు ఎవరూ మరిచిపోరు, వాళ్లకే అవసరం కాబట్టి. మరిచిపోయేది బయటికి వచ్చేటప్పుడే. సరిహద్దులో పాస్‌పోర్టు చూసే కిటికీ ఒకచోట, కస్టమ్స్ గది ఇంకోచోట ఉంటుంది. పాస్‌పోర్టులో ముద్ర పడగానే పని అయిపోయిందనిపిస్తుంది. వెనక హారన్లు, పిల్లల ఆకలి, ముందు గేటు తెరిచే ఉంటుంది. "వాళ్లే వేస్తారులే అన్నా" అని పక్కసీటులో ఉన్నవాళ్లు తొందరపెడతారు. అక్కడ తొందరపడకండి. కారు పక్కకు ఆపి, పుస్తకం పట్టుకుని మీరే నడిచి వెళ్లి కస్టమ్స్ ఆఫీసర్‌ను వెతకాలి. కంప్యూటర్లో ఎక్కించాం, చాలు అంటే చాలదని మర్యాదగా చెప్పి స్టాంపు అడగాలి. తేదీ కనబడాలి, ముద్ర చెదిరిపోకూడదు, పడాల్సిన వైపే పడాలి. ఆ కౌంటర్ ముందే ఫోటో తీసుకుని, అప్పుడు బండి ఎక్కాలి.

ఫెర్రీ రేవుల్లో దీనికి రెండు రకాల ప్రమాదాలున్నాయి. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఫెర్రీ అయితే, ఓడ ఎక్కించేవాళ్లకు టికెట్ ఒక్కటే ముఖ్యం. కార్నెట్ అడగరు. స్టాంపు లేకుండానే ఎక్కేస్తారు, ఓడ కదిలాక వెనక్కి పోలేరు. ఖసబ్–షినాస్ లాంటి దేశం లోపలి ఫెర్రీ అయితే దీనికి వ్యతిరేకం. అక్కడ కార్నెట్ బయటికే తీయకూడదు. విదేశీ నంబర్ ప్లేటు చూసి ఎవరైనా నిష్క్రమణ ముక్క చించేస్తే, కాగితం మీద మీరు ఒమన్ వదిలినట్టు, బండి మాత్రం ఒమన్‌లోనే ఉన్నట్టు అవుతుంది. నిష్క్రమణ స్టాంపు చివర్లో రోడ్డు సరిహద్దు దగ్గరే పడాలి. అందుకే ఫెర్రీ రోజు కార్నెట్‌ను గ్లవ్ బాక్సులో కాదు, బట్టల సూట్‌కేసు అడుగున పెట్టాలి.

నిష్క్రమణ స్టాంపు తప్పిపోయిందని తర్వాతి ఊళ్లో గుర్తొస్తే, అప్పటికప్పుడు వెనక్కి తిప్పండి. ఇంటికొచ్చాక చూద్దాం అనుకోవద్దు. కార్నెట్ చివర్లో లొకేషన్ సర్టిఫికెట్ అని ఒక పేజీ ఉంటుంది. కారు స్వదేశంలో ఉందని అధికారులు పరిశీలించి సంతకం చేసేది. దాంతో కొంత సర్దుకోవచ్చు, కానీ అది తిరుగుడు పని. ఈలోపు మీ గ్యారంటీ డబ్బు కదలదు.

5. కంటైనర్

కంటైనర్‌లోనే పంపాలి, రోరో ఓడలో (బండిని నేరుగా నడిపి ఎక్కించే ఓడ) కాదు. రోరోలో తాళం పోర్టు వాళ్ల చేతికిచ్చి, ఎవరెవరో నడుపుతుంటే చూడాలి. కంటైనర్‌లో మన కళ్ల ముందే కట్టి, సీలు వేస్తారు. సీలు నంబరు రాసుకోండి. పెట్రోలు పావు ట్యాంకు లోపే, బ్యాటరీ తీగ విప్పేసి, కారులో స్పేర్ టైరు, జాకీ తప్ప ఏమీ లేకుండా ఇవ్వండి. గ్యాస్ సిలిండరు అసలు వద్దు. షిప్పింగ్ బిల్లులో చాసిస్ నంబరు ఉండేలా చూసి కాపీ దాచుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఇది మన దేశపు బండేనని చూపించేది అదే. ఓడ చేరిందని ఖాయమయ్యాకే విమానం టికెట్ కొనండి. అలాగని ఆలస్యం చేస్తే పోర్టులో డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, పడుతుంది.

6. ఫెర్రీ ఎక్కడం

బుకింగ్‌లో కారు పొడవు, ఎత్తు అడుగుతారు. ఎత్తు రూఫ్ క్యారియర్‌తో కలిపి చెప్పాలి. క్యారియర్ లేకపోతే ఇంకా మంచిది. సంగమేశ్వరం దగ్గర బోటు మనుషులు నిండితే కదులుతుంది, ఫెర్రీ మీ కోసం ఆగదు. రెండు గంటల ముందే రేవులో ఉండండి. ఖసబ్ ఓడ రోజూ ఉండదు, చలికాలంలో షమాల్ గాలి లేస్తే రద్దవుతుంది. అందుకే ఫెర్రీ తర్వాతి రోజు హోటలు, విమానం ఏదీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచాలి.

లోపల ఆపాక గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, అలారం ఆపేయండి. ఓడ ఊగితే అదే మోగుతూ ఉంటుంది. ప్రయాణంలో కార్ల డెక్ మీదికి రానివ్వరు. మందులు, చార్జరు, పాస్‌పోర్టులు ముందే తీసుకోండి.

7. రోడ్డు, తిండి

అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి, మన స్టీరింగు కూడా కుడివైపే. ఓవర్‌టేక్ చేయాలంటే ఎదురు కనిపించేది ఎడమ సీటులో ఉన్నవాళ్లకే. ఆ సీటులో డ్రైవింగ్ తెలిసినవాళ్లే కూర్చోవాలి, నిద్రపోకూడదు. మన హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి కాబట్టి డిఫ్లెక్టర్ స్టిక్కర్లు వేయండి. చీకటి పడ్డాక నడపడం వద్దు. వెనక అండాకారంలో ఐఎన్‌డీ స్టిక్కరు ఉండాలి. ఒమన్‌లోని జెబెల్ అఖ్దర్ కొండకు ఫోర్ వీల్ డ్రైవ్ లేని బండిని పోలీసులు ఎక్కనివ్వరు. గువ్వలచెరువు ఘాట్ అలవాటే అని వాదించి లాభం లేదు.

ఉగ్గాణికి బొరుగులు, చెనక్కాయల పొడి, రాగి పిండి తీసుకుపోండి. గసగసాలు మాత్రం గ్రాము కూడా వద్దు. యూఏఈలో అవి నిషిద్ధం, కేసు అవుతుంది. అమ్మ కట్టిచ్చిన కోడికూర మసాలా పొడిలో కూడా గసాలు ఉండొచ్చు. అడిగి, ఉంటే ఇంట్లోనే వదిలేయండి. కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులకు ముందుగా అనుమతి కావాలి.

8. తిరిగొచ్చాక

చెన్నైలో కారు విడిపించుకున్న వారంలోపే కార్నెట్‌ను అసోసియేషన్‌కు అప్పగించి రసీదు తీసుకోండి. పేజీలన్నీ సరిగ్గా ఉంటే గ్యారంటీ విడుదల చేస్తారు. విడుదల పత్రం చేతికొచ్చాకే బ్యాంకుకు పోవాలి. కార్నెట్ గడువు ముగిశాక కూడా ఏడాది లోపు ఆ దేశపు కస్టమ్స్ క్లెయిమ్ పెట్టవచ్చు. కౌంటర్ ముందు తీసుకున్న స్టాంపుల ఫోటోలు, షిప్పింగ్ బిల్లు, ఫెర్రీ టికెట్లు అప్పటిదాకా ఒకే ఫైలులో ఉంచండి.